తలుపు దగ్గర నాలుగు నిమిషాలు

మధ్యాహ్నం రెండూ పది.

"గోడకి ఒక్క మేకు కూడా లేదేమిటమ్మా?" అంది నోటీసమ్మ.

తలుపు తీసిన కొత్తావిడ ఆ ప్రశ్నకి తయారుగా లేదు. కోర్టు కాగితం చూపిస్తారని ఆవిడకి తెలుసు. పేరడుగుతారని, ఎప్పట్నించి ఉంటున్నారని అడుగుతారని తెలుసు. వాటికి జవాబులు ఎక్కం అప్పజెప్పినట్టు వచ్చు. మేకుల సంగతి మాత్రం ఎవరూ నేర్పలేదు.

"మాకు బొమ్మలవీ తగిలించే అలవాటు లేదండీ."

"మరి ఇవి?"

ముందుగదిలో గోడ వారగా, నేల మీద, రెండు ఫోటోలు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి పెళ్ళిది, ఒకటి ఎవరో పెద్దాయనది. వాటి పక్కన మొహం చూసుకునే అద్దం, అద్దం ముందు దువ్వెన. తల దువ్వుకోవాలంటే ఈ ఇంట్లో నేల మీద కూర్చోవాలి. గోడగడియారం అలమర మీద వెల్లకిలా పడుకుని టైము చెబుతోంది.

నోటీసమ్మ పదహారేళ్ళు అద్దెల కోర్టులో నోటీసులు అందించే ఉద్యోగం చేసింది. ఎన్ని వేల తలుపులు తట్టిందో లెక్కలేదు. ఉద్యోగం మానేసి, సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టి ఆరేళ్ళయినా పేరు మాత్రం వదలలేదు. ఇంట్లో సామాను కన్నా సామాను పెట్టిన తీరు ఎక్కువ మాట్లాడుతుందని ఆమె నమ్మకం. సొంతింటి వాళ్ళు గోడని చూసి జంకరు. అద్దెకున్నవాళ్ళు సుత్తి ఎత్తే ముందు ఇంటాయన మొహం తలుచుకుంటారు.

ఈ మేడమీద వాటాలో అంతకు ముందు ఇరవై మూడేళ్ళు కుట్టు పిన్ని ఉండేది. బట్టలు కుట్టి బతికే మనిషి. వీధి వీధంతా ఆమెని అలాగే పిలిచేది. తమ్ముడి కూతురు కాపురానికి వస్తోంది, ఇల్లు సొంత మనుషులకే కావాలి అని ఇంటాయన కోర్టులో ప్రమాణపత్రం ఇచ్చి ఆమెని ఖాళీ చేయించాడు. అలా ఖాళీ చేయించిన ఇంటిని ఏడాది లోపల పరాయివాళ్ళకి అద్దెకివ్వకూడదని రూలు. ఇస్తే, ఖాళీ చేసినవాళ్ళు పాత షరతుల మీదే తిరిగి వచ్చేయవచ్చు. కానీ రుజువు చూపించి వాళ్ళే అడగాలి, ఏడాది నిండేలోగా అడగాలి. కుట్టు పిన్ని తాళంచెవి అప్పజెప్పిన రోజు నుంచి లెక్కేస్తే, ఆ ఏడాది ఈ గురువారం, ఇరవయ్యారో తేదీ, సాయంత్రం అయిదింటితో సరి. ఆవిడ పొద్దుటినుంచీ సంతకం చేసిన అర్జీ పట్టుకుని కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. అర్జీకి జతపరచాల్సిన రుజువు కోసం నోటీసమ్మ ఇక్కడికి వచ్చింది. తనిఖీకి కోర్టు ఇచ్చిన గడువు మూడు గంటలదాకా.

కుట్టు పిన్నికి ఆ ఇంటి మీద మోజు లేదు. గాలి రాదు, నీళ్ళు సరిగ్గా ఎక్కవు. అయినా ఆ గడపే కావాలి. ఎనిమిదేళ్ళ క్రితం ఆమె ఒక్కగానొక్క కూతురు, పందొమ్మిదేళ్ళ పిల్ల, తల్లితో పోట్లాడి ఆ తలుపులోంచే బయటికి వెళ్ళింది. మళ్ళీ కబురు లేదు. ఎప్పటికైనా వస్తే ఆ పిల్లకి తెలిసిన చిరునామా లోకంలో అదొక్కటే.

నోటీసమ్మ తలుపు వెనక్కి తిప్పి చూసింది. రంగు వెలిసిన చెక్క మీద నలుచదరంగా కొంత మేర కొత్తగా మెరుస్తోంది. నాలుగు మూలలా జిగురు మచ్చలు. వేలు పెడితే వేలు అంటుకుంది.

"ఇక్కడేదో కాగితం ఉండేది. ఈవేళ పొద్దున్నే పీకారు."

"క్యాలెండరండీ."

"ఒక మూల చిరిగి ఇక్కడే ఉండిపోయింది. ఏముందో చూడండి. 'రాదు' అని ఉంది." నోటీసమ్మ కళ్ళద్దాలు సరిచేసుకుంది. "క్యాలెండర్లో ఏ నెలమ్మా రాదూ?"

కొత్తావిడ చెంగు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"నేను చెప్పనా? గోడలకి మేకులు కొట్టరాదు. చుట్టాలు రెండు రోజులకి మించి ఉండరాదు. మేడ మీద బట్టలు ఆరెయ్యరాదు. ఈ వీధిలో సగం తలుపుల వెనక ఇదే కాగితం ఉంటుంది. ఎవరైనా తమ్ముడి కూతురికి రూళ్ళు రాసి తలుపుకి అంటిస్తారా?"

"పెదనాన్నగారికి శుభ్రం ఎక్కువండీ." ఈ జవాబు మాత్రం తడబడకుండా వచ్చింది. "మా నాన్నకి ఆయన సొంత అన్నయ్య. మేం ఎనిమిది నెలల్నించీ ఇక్కడే ఉంటున్నాం. మేం సొంత మనుషులమే."

"మంచిది. మరి ఆయన భార్య? పైకి వస్తూ పోతూ ఉంటారా?"

"ఎందుకు రారండీ? అత్తయ్యగారు రోజూ పొద్దున్నే నీళ్ళ టైముకి పైకొస్తారు. పంపు ఎక్కువసేపు వదిలేశామేమోనని చూసుకుని పోతారు."

"ఎవరూ?"

"అత్తయ్యగారు."

మెట్ల మీద ఎవరో దగ్గారు.

అది ఊరికే వచ్చిన దగ్గు కాదని నోటీసమ్మకి తెలుసు. ఆ దగ్గు ఆమెకి పన్నెండేళ్ళుగా పరిచయం. ఎండాకాలంలో కూడా కోటు విప్పని మనిషి. అందరికీ కోటాయనే. నిఘా ఏజెన్సీ నడుపుతాడు, ఈ కేసులో ఇంటాయన తరఫు. ఒకప్పుడు ఇద్దరూ అదే కోర్టు వరండాలో నిలబడి టీ తాగినవాళ్ళు.

"పిలుపుల మీద కూడా కేసులు గెలుస్తారా నోటీసమ్మగారూ?" అన్నాడు లోపలికొస్తూ. "ఆప్యాయత కొద్దీ ఏదో అంటారు. మా ఆవిడ పక్కింటి కుక్కని కూడా నాన్నా అనే పిలుస్తుంది."

"పిలవనివ్వండి. అంతమాత్రాన అది మీకు మామగారైపోదుగా."

కొత్తావిడకి నవ్వొచ్చింది. నవ్వకూడదని వెంటనే గుర్తొచ్చింది.

"పెదనాన్న పెళ్ళాం పెద్దమ్మ అవుతుంది కోటాయనా. ఆవిడ అత్తయ్య కావాలంటే ఈయన మామయ్య అయ్యుండాలి. మాటలొచ్చిన దగ్గర్నించీ ఆ ఇంట్లో తిరిగిన పిల్ల నిద్రలో లేపి అడిగినా ఈ పొరపాటు చెయ్యదు. మీ క్లయింటు తన పిలుపు నేర్పించుకున్నాడు. పెళ్ళాం పిలుపు నేర్పించడం మర్చిపోయాడు. మగవాళ్ళు చేసే పొరపాటే."

"కోర్టులో ఇది నిలబడుతుందంటారా?"

"ఒక్కటే అయితే నిలబడకపోవచ్చు. మేకుల్లేని గోడ, జిగురు ఆరని తలుపు, నీళ్ళ కాపలా కాసే అత్తయ్య, మూడూ కలిపితే?" ఆమె కొత్తావిడ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "నువ్వు కూర్చోమ్మా. టైము రెండూ ఇరవై ఎనిమిది. ఇంకో అరగంటలో నేను వెళ్ళిపోతాను. ఆ తర్వాత, తమ్ముడి కూతురినని నువ్వు సంతకం చేసిన అబద్ధం నీ దగ్గరే ఉండిపోతుంది. దాన్ని ఇంటాయన మొయ్యడు."

కొత్తావిడ అద్దం ముందు కూలబడింది. "నిజం చెబితే మమ్మల్నీ ఖాళీ చేయిస్తారా?"

"చేయించాల్సిందే. కానీ వేరే చోటు చూసుకోడానికి కోర్టు టైమిస్తుంది. అబద్ధానికి మాత్రం టైమివ్వదు."

"అమ్మా, మీరేం చెప్పనక్కర్లేదు," అన్నాడు కోటాయన.

"మీరూరుకోండి." ఆ మాట కొత్తావిడ నోటి నుంచి ఇంత గట్టిగా వస్తుందని ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు. "నాలుగు నెలలు తిరిగాం ఇంటికోసం. తమ్ముడి కూతురినని చెబితేనే ఇస్తానన్నాడు. చెప్పాను. మా నాన్నకి అన్నయ్యే లేడు. ఆయనే పెద్దవాడు." పెద్దాయన ఫోటో వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "ఇటివ్వండి కాగితం, రాస్తాను."

కోటాయన కోటు గుండీ పెట్టుకున్నాడు, విప్పుకున్నాడు. 

కొత్తావిడ నేల మీదే కాగితం పరిచి రాయడం మొదలుపెట్టింది. తేదీ రాసింది. పేరు రాసింది. అద్దెకి వచ్చిన నెల రాసింది. అక్కడ ఆగి, కలం నోట్లో పెట్టుకుని, తలెత్తకుండానే అంది.

"మీ మనిషి వచ్చినప్పుడే చెప్పేద్దామనుకున్నానండీ. పాపం, ఆవిడ మొహం చూస్తే జాలేసింది."

"మా మనిషెవరు?"

"అదేనండీ, మీకంటే ముందు మీరు పంపించిన ఆవిడ. ఈ నెల మొదట్లో. నీలం సంచీ."

"నేనెవర్నీ పంపలేదు," అంది నోటీసమ్మ.

కలం ఆగింది. కోటాయన కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట చూడాల్సినదేదో ఉన్నట్టు నిలబడ్డాడు. నోటీసమ్మ అతని వీపుని చూసింది. తర్వాత కొత్తావిడ ఎదురుగా తనూ నేల మీద కూర్చుంది.

"తొందరేం లేదు. గుర్తు తెచ్చుకుని చెప్పు. వయసెంతుంటుంది?"

"ఇరవయ్యేడు, ఇరవయ్యెనిమిది. బక్కపల్చటి మనిషి. ఎడం కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు లేకుండా చిన్న గీత ఉంది."

నోటీసమ్మ పుస్తకంలో, కేసు తీసుకున్న రోజు రాసుకున్న మొదటి పేజీలో, ఆ గీత ఉంది. ఆరేళ్ళప్పుడు కుట్టుమిషను బల్ల మూల తగిలింది, అని తల్లి చెప్పింది. పుస్తకం తెరవాల్సిన అవసరం లేకపోయింది.

"ఏమడిగింది?"

"ఇక్కడ బట్టలు కుట్టే ఆవిడ ఉండాలి, ఉన్నారా అని. ముందు నన్ను చూసి రెండడుగులు వెనక్కేసింది. తలుపు నంబరు చూసుకుంది. అప్పుడడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఇంటాయన ముందే చెప్పారండీ. పాతవాళ్ళ గురించి ఎవరొచ్చి అడిగినా వాళ్ళు కోర్టువాళ్ళే, మాటల్లో పెట్టి లాగుతారు, ఒక్క ముక్కలో చెప్పి పంపించెయ్యి అని. అందుకని ఒక్క ముక్కలోనే చెప్పేశాను. లేరండీ, పోయారు అన్నాను."



"పోయారు అన్నావా? ఖాళీ చేసి పోయారు అన్నావా?"

"ఖాళీ చేసి..." కొత్తావిడ పెదవులు ఆ రోజు అన్న మాటని మళ్ళీ అని చూసుకున్నాయి. "లేదండీ. లేరు, పోయారు. అంతే. మా ఇళ్ళల్లో వెళ్ళడాన్ని పోవడమనే అంటామండీ. పనికి పోయారు, బజారుకి పోయారు..."

"తర్వాత ఏమడిగింది?"

"ఎప్పుడు, అంది."

నోటీసమ్మ కళ్ళు మూసుకుంది. "ఏం చెప్పావు?"

"ఏడాది కావస్తోంది అన్నాను."

కింద వాటాలో ఎవరో పంపు కట్టేశారు. అంతసేపూ నీళ్ళు పడుతున్నాయని అప్పుడే తెలిసింది.

"అలాగే గడప బయట కూర్చుండిపోయిందండీ. నాకు భయమేసింది. మంచినీళ్ళిద్దామా అనుకున్నాను. ఇస్తే మాట కలుస్తుంది, మాట కలిస్తే దొరికిపోతాను అనుకుని తలుపేసేశాను." కొత్తావిడ నోటీసమ్మ చెయ్యి పట్టుకుంది. "మీ మనిషి కాకపోతే ఆవిడెవరండీ?"

"ఆ బట్టలు కుట్టే ఆవిడ కూతురు."

కొత్తావిడ చేత్తో నోరు మూసుకుంది. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

కుట్టు పిన్ని ఒక్కసారే చెప్పింది ఆనాటి పోట్లాట సంగతి. సూదిలో దారం ఎక్కిస్తూ, ఎక్కక, మళ్ళీ మళ్ళీ దారపు కొస తడుపుకుంటూ చెప్పింది. "నేను బతికుండగా మళ్ళీ ఈ గడప తొక్కకు అన్నానండీ. కోపంలో నోటికొచ్చింది. అది బుద్ధిమంతురాలు. చెప్పిన మాట వినే పిల్ల."

నోటీసమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"మీ డైరీ తియ్యండి కోటాయనా."

"అది క్లయింటు సొత్తు."

"ఆ అమ్మాయి మీ క్లయింటు సొత్తు కాదు. ఎనిమిది నెలలు ఎదుటి మేడ మీంచి ఈ తలుపుని చూస్తూ కూర్చున్నారు. ఎవరొచ్చినా ఎవరెళ్ళినా రాసుకున్నారు. ఏ రోజు?"

డైరీ బయటికి తీశాడు గానీ తెరవలేదు. తెరవకుండానే చెప్పాడు. "ఏడో తేదీ. శనివారం. పదకొండూ పదికి మెట్లెక్కింది. పదకొండూ పద్నాలుగుకి దిగింది."

"నాలుగు నిమిషాలు."

"ఎవరితోనూ మాట్లాడలేదు. నేనూ కోర్టు మనిషే అనుకున్నాను. వెంబడించాను. నడుచుకుంటూ శ్మశానం ఆఫీసుకెళ్ళింది. ఏడాది రిజిస్టర్లన్నీ తీయించింది. తల్లి పేరు లేదు. లేకపోవడమేమిటి, సరిగ్గా చూడండి, మా అమ్మ పేరు రాయడం కూడా మర్చిపోయారా అని గుమాస్తాతో పోట్లాడింది. చివరికి చీటీ మీద చిరునామా రాసిచ్చి, పేరు దొరికితే ఉత్తరం రాయమని బతిమాలింది. రెండూ ముప్ఫై అయిదు బస్సెక్కింది."

"అంటే ఆవిడెవరో మీకు అక్కడే తెలిసిపోయింది."

"తెలిసింది."

"తల్లి బతికే ఉందనీ తెలుసు."

"నన్ను పెట్టుకున్నది ఇంటి మీద నిఘాకి. చూసింది చూసినట్టు రిపోర్టు రాశాను. నా పని అంతవరకే."

"పందొమ్మిది రోజులు, కోటాయనా! మీకు ఒక్క పావుగంట పని. వీధి చివర ఆవిడ ఇప్పుడుంటున్న గదికెళ్ళి ఆ తల్లితో ఒక్క మాట..."

"నాకు తెలుసు," అన్నాడతను. అరిచినట్టే అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నాకు తెలుసు" అని మళ్ళీ అన్నాడు.

అప్పుడు తట్టింది నోటీసమ్మకి, అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

"రిపోర్టులో చీటీ సంగతి కూడా రాశారా?"

కోటాయన డైరీలోంచి ఏడో తేదీ కాగితం చింపి ఆమె చేతిలో పెట్టాడు. పన్నెండేళ్ళలో అతను ఆమెకి ఇచ్చిన మొదటి కాగితం అది.

మూడూ రెండు. కొత్తావిడ వాంగ్మూలం సంచిలో పెట్టుకుని నోటీసమ్మ మెట్లు దిగింది. ముందు కోర్టుకి వెళ్ళాలి. రుజువు చేతిలో ఉంది, గంట యాభై ఎనిమిది నిమిషాల టైముంది. కానీ కుట్టు పిన్ని అడిగింది ఇల్లు కాదు. ఇల్లు అడ్డం పెట్టుకుని అడిగింది ఇంకొకటి. శ్మశానం ఆఫీసు దారిలోనే ఉంది.

మూడూ నలభైకి అక్కడి గుమాస్తా సొరుగులన్నీ తీసి చూపించాడు.

"ఆ చీటీ ఇప్పుడు మా దగ్గర లేదండీ. తొమ్మిదో తేదీనే వాళ్ళ బంధువొకాయన వచ్చి తీసుకెళ్ళాడు. అమ్మాయికి మేమే కబురు చేస్తాం, మీకెందుకు శ్రమ అన్నాడు."

"ఎవరో ఏమిటో తెలుసుకోకుండా ఎలా ఇచ్చారు?"

"పేరు చెప్పాడు, కుట్టుపని చేసేదని చెప్పాడు, ఇల్లెక్కడో చెప్పాడు. ఇంకేం అడగమంటారు? ఏడ్చాడు కూడానండీ. ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో తాళంచెవుల గుత్తి తిప్పుతూనే ఉన్నాడు."

ఇంటాయన తాళంచెవుల గుత్తి లేకుండా గుమ్మం దాటడు. కోర్టు బోనులో కూడా దాన్ని తిప్పుతూనే ప్రమాణం చేశాడు.

నోటీసమ్మ ఆటోలో కూర్చున్న తర్వాత గానీ తన తప్పు తనకి తెలియలేదు. మూడింటికే కోర్టుకి వెళ్ళి ఉండాల్సింది. చీటీ ఇంటాయన జేబులో పదిహేడు రోజుల్నించీ ఊరికే లేదు. దానికొక రోజుంది. ఆ రోజు ఈవేళే.

నాలుగూ నలభై ఒకటి.

కోర్టు వరండాలో కుట్టు పిన్ని పొద్దున కూర్చున్న బల్ల మీదే ఉంది. ఒళ్ళో అర్జీ లేదు. మొహం మాత్రం వేరే మనిషిది. నోటీసమ్మకి ఆమె ఎనిమిది నెలలుగా తెలుసు, పళ్ళు కనపడేలా నవ్వడం ఇదే మొదటిసారి చూడటం.

మెట్ల దగ్గర ఇంటాయన ఎదురయ్యాడు. గుత్తి వేలికి గిర్రున తిరుగుతోంది.

"మీకు శ్రమ తప్పించాం నోటీసమ్మగారూ. ఆ ఇంటి మీద తనకే హక్కూ వద్దని పెద్దావిడ రాసిచ్చేసింది. కోర్టు గుమాస్తా ముద్ర కూడా పడింది, నాలుగూ పదిహేడుకి. టైములు మీకిష్టం కదా, రాసుకోండి."

"బెదిరించి రాయించుకున్న కాగితం చెల్లదు."

"బెదిరింపా? నేనా? ఆవిణ్ణే అడగండి."

"బెదిరించలేదండీ," అంది కుట్టు పిన్ని బల్ల మీంచే. "ఉన్నమాట చెప్పుకోవాలి. ఇల్లు కావాలా, అమ్మాయి కావాలా అన్నాడు. అదీ ఒక ప్రశ్నేనా, చెప్పండి?"

ఇంటాయన చేతులు విప్పి చూపించాడు, చూశారా అన్నట్టు.

"పదిహేడు రోజులు," అంది నోటీసమ్మ. "జేబులో పెట్టుకుని తిరిగారు. ఇదే వీధుల్లో ఈవిడ మీకు ఎన్నిసార్లు ఎదురై ఉంటుందో."

"ఇల్లు నాది. జేబూ నాదే," అని అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వెంటపడి ప్రయోజనం లేదు. నోటీసమ్మ వచ్చి బల్ల మీద కుట్టు పిన్ని పక్కన కూర్చుంది. సంచిలో వాంగ్మూలం ఉంది, నూటికి నూరుపాళ్ళు గెలిచే కాగితం. దాన్ని బయటికి తియ్యలేదు.

"నన్ను తిట్టకండి," అంది కుట్టు పిన్ని. "మీరు పడ్డ కష్టమంతా బూడిదలో పోసేశాను."

"తిట్టనండీ."

"ఆ ఇల్లు నాకెందుకు? అది వస్తుందనేగా. వచ్చేసిందట! వచ్చి నన్నడిగిందట! ఎలా ఉందండీ? లావయ్యిందా?"

"బక్కగా ఉందన్నారు."

"అప్పుడూ అంతే. ఎంత పెట్టినా ఒంటికి పట్టేది కాదు." అంతలోనే మొహం ముడుచుకుంది. "నేను చచ్చిపోయాననుకుంటోందట గదా. నాకదే బెంగగా ఉంది. ఉత్తరం రాస్తే జడుసుకుంటుందేమో? చచ్చిపోయిన అమ్మ ఉత్తరం రాసిందేమిటని. ముందు మీరు వెళ్ళి మాట్లాడండి. నేను వెనకాల, గోడవతల నిలబడతాను. మీరు సరే అన్నాక వస్తాను. బాగుంటుందా?"

"బాగుంటుంది."

"ఈ సాయంత్రం బస్సుందేమో కనుక్కోండి. నాకు సర్దుకోడానికేం లేదు."

గుప్పిట విప్పింది. చీటీ నాలుగు మడతలు పడి, మడతల దగ్గర నలిగిపోయి ఉంది. పదిహేడు రోజులు పైజేబులో ఉన్న కాగితం.

"రాత దానిదే. చూడండి, 'ళ' తోక ఎప్పుడూ అలా పైకి లేపేది. మాస్టారు కొట్టేవాడు కూడా దానికి. అక్షరాలు పోల్చుకున్నాను గానీ చదవలేకపోతున్నానండీ, కళ్ళద్దాలు మిషను మీద వదిలేసొచ్చాను. ఇంటాయన్ని చదవమనడానికి మనసొప్పలేదు. మీరే చదవండి. నెమ్మదిగా చదవండి."

నోటీసమ్మ చదివింది. తల్లి పేరు. కింద కూతురి పేరు. ఇంటి నంబరు, వీధి, ఊరు. బస్సులో అయిదు గంటల ప్రయాణం. కుట్టు పిన్ని ఒక్కొక్క మాటనీ పెదవులతో తిరిగి అనుకుంటోంది. నంబరుని రెండుసార్లు అనుకుంది.

నోటీసమ్మ చీటీ మడిచింది.

"అయిపోయిందా? అడుగున ఇంకో వరుస పొడుగ్గా ఉండాలే? చీమల బారులా కనపడింది నాకు. అదేమిటి?"

పదహారేళ్ళలో నోటీసమ్మ ఎన్నో గుమ్మాల ముందు నిలబడి, చదువురానివాళ్ళకి వాళ్ళ నోటీసులు తనే చదివి వినిపించింది. ఏ ఒక్కదాంట్లోనూ ఒక్క మాట వదిలెయ్యలేదు. వదిలెయ్యడం తప్పని ఆ ఉద్యోగంలో మొదటి రోజే నేర్పారు. చీటీ మళ్ళీ విప్పింది.

"'మా ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నందువల్ల, నేనూ మా పాపా ఇరవై నాలుగో తేదీ దాకే ఈ చిరునామాలో ఉంటాము. తర్వాత ఎక్కడికో ఇంకా తెలియదు. దయచేసి ఆ లోపలే రాయగలరు.'"

"పాపా?" అంది కుట్టు పిన్ని. "'మా పాప' అని ఉందా?"

"ఉందండీ."

"ఎంత పాపో." చేతులు తనకి తెలియకుండానే గాలిలో ఒక కొలత పట్టాయి. ముందు చిన్నగా, తర్వాత కొంచెం పెద్దగా. గౌను కుట్టడానికి ఎంత గుడ్డ పడుతుందో చూస్తున్నట్టు.

ఆ చేతులు అలాగే ఆగాయి.

లోపల కోర్టు గుమాస్తా కిటికీ రెక్కలు ఒక్కొక్కటే వేస్తున్నాడు.

"నోటీసమ్మగారూ, ఈవేళ ఎంత తేదీ?" అని అడిగింది కుట్టు పిన్ని, ఏడాదిగా ఈ ఇరవయ్యారో తేదీనే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చిన మనిషి.